డిస్కుల కేసును సొంతంగా గీసుకొంటున్నాను. మధ్య బొడిపె దగ్గరే చిక్కు వచ్చింది

ప్రశ్న – రాసినవారు: చెక్కపెట్టె

నమస్కారం. నా దగ్గర సుమారు 400 సీడీలు, 150 డీవీడీలు, 40 దాకా బ్లూ-రే డిస్కులు, ఇవి కాక అరవై డెబ్బై ఆడియో క్యాసెట్లు ఉన్నాయి. సీడీల జ్యూయెల్ కేసుల్లో సగానికి పైగా మూత చెవులు విరిగిపోయి, తెరిచిన ప్రతిసారీ మూత చేతిలోకి ఊడి వస్తోంది. డీవీడీ కేసుల ఎత్తు ఒకటి, బ్లూ-రే కేసుల ఎత్తు మరొకటి కావడంతో ఒకే అరలో ఏవీ వరుసగా కుదురుకోవడం లేదు. అందుకని డిస్కులన్నింటికీ ఒకే కొలతలో పలుచని కేసులు త్రీడీ ప్రింటర్ మీద తీసుకొని, వాటిని పుస్తకాల్లా నిలబెట్టే చెక్క పెట్టె ఒకటి చేయాలనుకొన్నాను.

కేసు 126 మి.మీ. చతురస్రం, మందం 6 మి.మీ. డిస్కు మధ్య రంధ్రం 15 మి.మీ. కనుక దానిని పట్టుకొనే బొడిపెను ఆరు పళ్లతో, 14.9 మి.మీ. వ్యాసంతో గీశాను. ప్రింటు అయ్యాక కొలవకుండానే, బిగువుగా ఉంటే మేలే కదా అనుకొని డిస్కును వేలితో నొక్కేశాను. దిగడమైతే దిగింది గాని, తీయబోయినప్పుడు విల్లులా వంగింది. వెలుతురులో పెట్టి చూస్తే రంధ్రం అంచు నుంచి వెంట్రుక మందాన పగులు కనబడింది. అప్పుడు కొలిస్తే బొడిపె 15.1 ఉంది. వ్యాసాన్ని 14.6కు తగ్గిస్తే డిస్కు లోపల గలగలమంటోంది. మధ్యేమార్గంగా 14.8 పెడితే పట్టు బాగానే ఉంది, కానీ పది పన్నెండు సార్లు తీసి పెట్టేసరికి పళ్లు మొదలంటా విరిగిపోతున్నాయి.

ఈ బొడిపెను ఎలా గీస్తే నిలుస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. అలాగే, కేసుల గొడవే లేకుండా డిస్కులన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టేయడం మంచిదంటారా? పెట్టె మాత్రం ఎండీఎఫ్ పలకతో (చెక్క నారను జిగురుతో అదిమి చేసేది) కోసి సిద్ధంగా ఉంచాను. మూతకు నియోడిమియం అయస్కాంతాలు అతికించాను. ఇంకా రంగు వేయలేదు.

జవాబు – రాసినవారు: పలుచనిపొర

ముందుగా పళ్లు ఎందుకు విరుగుతున్నాయో చెబుతాను. మీరు కేసును ప్రింటరు అడుగు పలక మీద పడుకోబెట్టి ప్రింటు తీస్తున్నారు కనుక ప్రతి పన్నూ అడ్డపొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్తంభంలా తయారవుతోంది. డిస్కు దిగేటప్పుడు పన్ను లోపలికి వంగాలి. వంగినప్పుడల్లా పొరకూ పొరకూ మధ్య అతుకు మీదే లాగుడు పడుతుంది. ఈ పద్ధతిలో వచ్చే వస్తువుకు బలహీనమైన చోటు ఆ అతుకే. విరిగిన పన్ను మొదలును గోటితో తడిమి చూడండి, నున్నగా, పొర ఊడినట్టుగా ఉంటుంది. వ్యాసం ఎంత సవరించినా ఈ లోపం పోదు.

దుకాణపు కేసులు ఈ పనిని ఎలా చేస్తున్నాయో గమనిస్తే దారి దొరుకుతుంది. జ్యూయెల్ కేసును పోతపోసిన పాలీస్టైరీన్‌తో చేస్తారు. అది పెళుసు పదార్థం కాబట్టే అందులోనూ పళ్లు రాలిపోతుంటాయి. కేసు తెరవగానే రెండు మూడు పళ్ల ముక్కలు డిస్కు కింద దొర్లుతూ కనబడటం మనందరికీ అలవాటే. డీవీడీ కేసుకు పాలీప్రొపిలీన్ వాడతారు. అది వేలసార్లు వంగినా తట్టుకొంటుంది, అందుకే అక్కడ మధ్యలో నొక్కగానే పళ్లు లోపలికి ముడుచుకొని డిస్కు తనంతట తానే పైకి లేస్తుంది. త్రీడీ ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ నుంచి ఈ గుణాన్ని ఆశించలేము.

కాబట్టి నా సలహా: పట్టుకొనే పనిని బొడిపె నుంచి తీసేయండి. బొడిపెను పళ్లు లేని మామూలు గుంజగా, 14.6 మి.మీ. వ్యాసంతో, పై అంచు కొద్దిగా చెక్కి పెట్టండి. డిస్కు పక్కకు జరగకుండా చూడటం వరకే దాని పని. గలగలమనకుండా ఆపడం మూత పని. మూత లోపలి వైపు, డిస్కు మధ్య భాగానికి ఎదురుగా, లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 33 మి.మీ. ఉండేలా మెత్తని వలయం ఒకటి అతికిస్తే, మూత వేయగానే అది డిస్కును మెల్లగా అదిమి ఉంచుతుంది. ఆ వలయానికి పాలీయురేథేన్ స్పాంజి మాత్రం వాడకండి, అది కొన్నేళ్లకు జిగురులా కరిగి డిస్కుకు అంటుకొంటుంది. పాలీఎథిలీన్ ఫోమ్ అయితే బెంగ లేదు.

33 అనే అంకెకు కారణం ఉంది. సీడీలో 26 నుంచి 33 మి.మీ. వ్యాసం వరకు ఉన్న పట్టీని ప్లేయర్ బిగించి పట్టుకోవడానికే కేటాయించారు; సమాచారం సుమారు 46 మి.మీ. వ్యాసం దగ్గర మొదలై బయటి అంచుకు కొద్ది దూరంలో ముగుస్తుంది. మీ కేసులో డిస్కు కింది పీఠం కూడా ఈ లోపలి పట్టీకే ఆనాలి, మిగతా డిస్కంతా గాలిలో ఉండాలి. చాలా డిస్కులకు చదివే వైపున, ఆ పట్టీకి కాస్త బయటగా, వేలికి తగిలే సన్నని వలయం ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు డిస్కులు రాసుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. దానికి అడ్డు రాకుండా పీఠం ఎత్తు 1 మి.మీ. ఉంచండి. అడుగు పలక 1.2, పీఠం 1, డిస్కు 1.2, వలయం 1, మూత 1.2, మొత్తం 5.6. మీరనుకొన్న 6 మి.మీ.లో హాయిగా పడుతుంది.

డిస్కు పడే గుంట వ్యాసం 120 కాక 122 ఉండాలి. వేళ్లతో అంచు పట్టి ఎత్తడానికి ఎదురెదురుగా రెండు గాట్లు పెట్టండి. అవి లేకపోతే గోళ్లు చదివే వైపుకే పోతాయి. ప్రింటర్ గీసిన రంధ్రాలు అనుకొన్నదానికంటే చిన్నగా, గుంజలు కాస్త లావుగా రావడం మామూలే కనుక, 400 కేసులు మొదలుపెట్టే ముందు మధ్య భాగాన్ని మాత్రం ఓ నాలుగు కొలతల్లో చిన్న బిళ్లలుగా తీసి, పనికిరాని డిస్కుతో సరిచూసుకోండి.

జవాబు – రాసినవారు: రంపంపొట్టు

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసి ఉన్న కారులో ఒక మధ్యాహ్నం వదిలేసిన నా కేసులు అప్పడాల్లా వంకర తిరిగాయి; లోపలి డిస్కులకు ఏమీ కాలేదు, వాటి పాలీకార్బొనేట్ అంత వేడికి చలించదు. పీఈటీజీ అనే మరో ప్రింటింగ్ ప్లాస్టిక్ అయితే 80 డిగ్రీల దాకా ఓర్చుకొంటుంది.

జవాబు – రాసినవారు: పాతటేపు

కవర్ల గురించీ పెట్టె గురించీ ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను.

కవర్లు పూర్తిగా తప్పని నేననను. పాలీప్రొపిలీన్‌తోనో పాలీఎథిలీన్‌తోనో చేసిన కవరులో డిస్కును విడిగా నిలబెడితే ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. పీవీసీ కవర్లను మాత్రం దగ్గరికి రానీయకండి. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవం కాలక్రమంలో బయటికి ఊరి డిస్కు మీద మసక పొరలా పేరుకొంటుంది. వాసన చూస్తే కొత్త రెయిన్‌కోటు గుర్తుకొస్తే అది పీవీసీ అనుకోవచ్చు. ఇక లోపల పుటల్లా కవర్లు ఉండే జిప్పు సంచీల సంగతి. పుట తిప్పిన ప్రతిసారీ లోపల చేరిన ఇసుక రేణువు డిస్కు మీద రాసుకొంటుంది, సంచీ నిండా కుక్కితే లోపలి బట్ట నేత డిస్కు మీద అచ్చుపడుతుంది. నా పాత సంచీలోని పదిహేను డిస్కుల మీద ఆ చుక్కల ముద్ర ఇప్పటికీ ఉంది.

గీత ఎక్కడ పడితే ప్రమాదమన్నది మూడు రకాల డిస్కుల్లో ఒకేలా ఉండదు, ఈ సంగతి కేసు గీసేవారికి తెలిసి ఉండాలి. సీడీలో సమాచారపు పొర బొమ్మ ఉన్న వైపున, పలుచని లక్క పూత కిందే ఉంటుంది. అందుచేత కింది వైపు గీతను పాలిష్ చేయవచ్చు గాని, బొమ్మ వైపు లోతుగా గీసుకొంటే ఇక చేయగలిగింది లేదు. డీవీడీలో ఆ పొర 0.6 మి.మీ. పలకలు రెండింటి నడుమ భద్రంగా ఉంటుంది. బ్లూ-రేలో చదివే వైపు నుంచి 0.1 మి.మీ. లోతులోనే ఉంటుంది, దానికి కాపు గట్టి పూత ఒక్కటే. అంటే మీ మూత లోపలి గరుకు సీడీకి శత్రువు, అడుగు గరుకు బ్లూ-రేకి శత్రువు. పలుచనిపొర గారు చెప్పినట్టు రెండు వైపులా ఖాళీ వదిలితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. మీరు స్వయంగా రాసుకొన్న సీడీ-ఆర్‌లు ఉంటే వాటి కేసులకు పారదర్శకమైన మూత వద్దు. ఆ డిస్కుల్లోని రంగుపొర వెలుతురుకు పాడవుతుంది.

అయితే 400 కేసులు ప్రింటు తీయడం దేనికన్నది నా సందేహం. జ్యూయెల్ కేసు కొలతలు 142 × 125 × 10 మి.మీ. దగ్గర స్థిరపడిపోయాయి, ఖాళీ కేసులు విడిగా దొరుకుతాయి. విరిగిన వాటిని మార్చుకొంటే ముందు పుస్తకం, వెనక అట్ట, వీపు మీద పేరు అన్నీ వాటి చోట్లలోనే ఉంటాయి. మీ 126 మి.మీ. చతురస్రంలో వెనక అట్ట పట్టదు, 6 మి.మీ. మందంలో పుస్తకానికి చోటు లేదు. వాటిని వేరే డబ్బాలో పెడితే ఏ పుస్తకం ఏ డిస్కుదో ఒక ఏడాదికే మరిచిపోతారు. ప్రింటరును డీవీడీలకూ, అసలు కేసే లేని డిస్కులకూ పరిమితం చేయండి.

పెట్టెలో డిస్కులు నిట్టనిలువుగా నిలబడాలి. సగం ఖాళీ వరుసలో వాలిపోకుండా ప్రతి 15 సెం.మీ.కూ ఒక అడ్డపలక వేయండి. ఏళ్ల తరబడి వాలి ఉన్న డిస్కు కొద్దిగానైనా వంపు తిరుగుతుంది. కేసుతో కలిపి సీడీ ఒకటి 100 గ్రాముల దాకా తూగుతుంది, మీటరు వరుసలో 95 దాకా పడతాయి, అంటే అర మీద 9, 10 కిలోల బరువు. ఇలా పొడవునా పరుచుకొన్న బరువుకు పలక పొడవును రెట్టింపు చేస్తే కుంగుడు 16 రెట్లవుతుంది, మందాన్ని రెట్టింపు చేస్తే 8వ వంతుకు తగ్గుతుంది. ఎండీఎఫ్ మామూలు చెక్క కంటే త్వరగా కుంగుతుంది కనుక అర పొడవును 60 సెం.మీ. దాటనీయకండి.

అంతకంటే ముఖ్యం, ఆ ఎండీఎఫ్‌కు అన్ని వైపులా, కోసిన అంచులకు మరీ శ్రద్ధగా, సీలరు పూసి కొన్ని వారాలు గాలికి ఆరనివ్వండి. అందులోని జిగురు ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరిని విడుస్తూ ఉంటుంది. మూత బిగించిన పెట్టెలో ఆ ఆవిరి పోవడానికి దారి ఉండదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శకం దీర్ఘకాల నిల్వకు 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ వేడిమిని, 20 నుంచి 50 శాతం తేమను సూచించింది. ఇళ్లలో అంత చల్లదనం సాధ్యపడకపోయినా, వేడీ తేమా ఒక్కసారిగా మారని గోడ పక్కన పెట్టుకోవడం మన చేతిలోని పనే.

అయస్కాంతాలన్నారు. డిస్కులకు వాటితో పేచీ లేదు గాని క్యాసెట్లను ఆ పెట్టెలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. టేపు మీద ఉన్నదంతా అయస్కాంత ముద్రే. క్యాసెట్లను వాటి సొంత డబ్బాల్లోనే ఉంచండి. ఆ డబ్బా లోపలి రెండు బొడిపెలు చక్రాలను తిరగకుండా పట్టి ఉంచుతాయి, అందువల్ల టేపు వదులవదు. మీరెంత కష్టపడి గీసినా అంతకంటే మంచి ఏర్పాటు చేయలేరని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారి మలిమాట – చెక్కపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. 14.4 నుంచి 14.7 దాకా నాలుగు బిళ్లలు తీశాను. నా ప్రింటర్‌లో 14.5 అని గీస్తేనే 14.6 చేతికి వస్తోంది. పాలీఎథిలీన్ వలయం అతికించిన మూతతో కేసును చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు లేదు, మూత తీశాక డిస్కు వంగకుండా రెండు వేళ్లకు వచ్చేస్తోంది. వలయం మందం 1 మి.మీ. అయితే మూత కాస్త ఉబ్బుతోంది కనుక దానికి మూతలో 0.3 మి.మీ. లోతున గాడి తీశాను.

పాతటేపు గారి సందేహం సబబే. వెనక అట్టల సంగతి నాకు తట్టనే లేదు, సీడీలకు ఖాళీ జ్యూయెల్ కేసులే కొంటాను. పెట్టెకు సీలరు మొదటి పూత వేసి వరండాలో పెట్టాను. అయస్కాంతాలు జిగురుతో సహా పలక పొట్టును పెకలించుకొని వచ్చాయి. ఆ గుంటలు పూడ్చి, మూతకు తిప్పుడు చెక్క బిగిస్తున్నాను. క్యాసెట్లకు వేరే చిన్న పెట్టె.