ఇరవై ఏళ్ల మారుతి 800: ఇంజన్ పని చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా?

బెజవాడ_800:
2006లో రిజిస్టరైన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే) 800. మీటరు 2,38,000 దాటింది. నాన్నగారు కొన్న బండి, ఇంట్లో అందరం దీని మీదే స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ. మెకానిక్ షెడ్డులో ఇంజన్ దింపి బోరు కొట్టించాలంటున్నారు, అంటే అరిగిన సిలిండర్లని లోపల కోసి కాస్త పెద్దవి చేయడం. ఆర్సీ గడువు కూడా దగ్గర పడింది. మమకారం కొద్దీ డబ్బు తగలేస్తున్నామా, లేక ఇంకా నడపదగ్గ బండేనా?

రింగులు_వాల్వులు:
బోరు మాట కాసేపు ఆపండి. పొగ పొద్దున స్టార్టింగ్‌లోనే వచ్చి కాసేపటికి పోతుంటే ముందు అనుమానించాల్సింది వాల్వ్ స్టెమ్ సీళ్లని, అంటే వాల్వుల కాడల చుట్టూ ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు వాషర్లని. అవి గట్టిపడితే రాత్రంతా హెడ్‌లోని (వాల్వులుండే ఇంజన్ పైభాగం) ఆయిల్ గైడ్ల వెంట కిందికి జారి, స్టార్ట్ కాగానే మండుతుంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తుంటే అప్పుడు పిస్టన్ రింగులు.

తేల్చుకోవాలంటే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్లో ఒత్తిడిని గేజ్‌తో కొలవడం) చేయించండి. ఇంజన్ వేడెక్కాక ఇంజెక్టర్ల, ఇగ్నిషన్ కనెక్టర్లు పీకేసి, మూడు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య ఒత్తిడిలో (చదరపు సెంటీమీటరుకి) 1 కేజీకి మించి తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ పెరిగిందా, రింగులో బోరో అరిగినట్టు. పెరగలేదా, వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో.

మూడూ సమంగా ఉంటే బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) ముట్టుకోనే అక్కర్లేదు. హెడ్ దింపి సీళ్లు మార్చి, వాల్వులు లాపింగ్ చేయించి (సరిగ్గా మూసుకునేలా అరగదీయించి), కొత్త గ్యాస్కెట్ వేస్తే చాలు. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ అప్పుడే మార్చేయండి, మళ్లీ విప్పిన కూలి ఇవ్వక్కర్లేదు. బోరు తప్పదనుకుంటే మాత్రం ఓవర్‌సైజు పిస్టన్లు ముందే కొని లేత్ షాపులో ఇవ్వండి. పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. చాలా చోట్ల ముందు బోరు కొట్టి తర్వాత పిస్టన్ వెతుకుతారు, గ్యాప్ తప్పి నాలుగు నెలలకే మళ్లీ పొగ మొదలవుతుంది.

ఇంజన్‌కి రూపాయి పెట్టేముందు కార్పెట్లు లేపి చూడండి. డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, బానెట్ లోపల స్ట్రట్ మౌంటులు (ముందు షాక్ అబ్జార్బర్లు బాడీకి బిగించే చోట్లు), వెనక సస్పెన్షన్ మౌంటులు. ఫ్లోరుకి రేకు వేసి వెల్డింగ్ చేసుకోవచ్చు. మౌంటు దగ్గర తుప్పు తినేస్తే టింకరింగ్ చేసిన అతుకు అక్కడి బరువు ఆపదు. ఆ బండిని వదిలేయాల్సిందే.

రోడ్డుభద్రత_నల్గొండ:
తుప్పు లేకపోయినా నా మాట వేరు. ఇందులో ఎయిర్‌బ్యాగూ లేదు, ఏబీఎస్సూ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) లేదు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి చేశారంటే ఊరికే కాదు. 12 అంగుళాల చక్రాలు, పలచటి రేకు. పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ హైవే మీద లారీల మధ్య దీన్ని నడపడం నాన్నగారి మీద ప్రేమ అనిపించుకోదు. ఊళ్లో మార్కెట్‌కి, గుడికి వాడుకుంటే అడ్డు చెప్పను.

ఖర్చు కూడా చూసుకోండి. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000. గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ ఖర్చు వేరే. గడువు దాటాక నెలకి 500 అదనం. అధీకృత స్క్రాప్ కేంద్రంలో ఇచ్చేస్తే వచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో (బండి అప్పగించినట్టు ధ్రువపత్రం) కొత్త కారు రోడ్ ట్యాక్సులో, కేంద్ర నిబంధనల ప్రకారం, 25 శాతం వరకు రాయితీ ఉంది.

పాతబండ్లే_ప్రాణం:
ఎయిర్‌బ్యాగు సంగతి నిజమే, దాన్ని కాదనలేం. కానీ మమకారాన్ని దండగ ఖర్చు కింద కట్టేయకండి. ఈ బండికి ఏ పార్టు ఎప్పుడు మార్చారో ఇంట్లోవాళ్లకి తెలుసు. అదే ఖర్చుతో ఇంకో సెకండ్ హ్యాండ్ కొంటే దాని గతం ఎవరికి తెలుసు? ఉంచుకోవాలనుకుంటే పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి. 2006 నాటి రబ్బరు ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కోసం చేసింది కాదు, ఉబ్బి చీలుతుంది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు అడిగి తెచ్చుకోండి. నడపకుండా షెడ్డులో పెట్టేస్తే సరిపోతుందనుకుంటారేమో, అది ఇంకా చేటు.

రింగులు_వాల్వులు:
అది నూటికి నూరుపాళ్లు నిజం. నిలబెట్టిన బండే ముందు పాడవుతుంది. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది. పదిహేను రోజులకోసారి కనీసం 20 కిలోమీటర్లు తిప్పండి. నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, వెనక లైనర్లు డ్రమ్ముకి అతుక్కుంటాయి. గేర్‌లో పెట్టి చక్రానికి దిమ్మ వేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. టైర్ పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు ఎంత బాగున్నా ఆ వయసుకి రబ్బరు గట్టిపడిపోతుంది.

బెజవాడ_800:
కంప్రెషన్ మూడూ 12 దగ్గరే, తేడా అర కేజీ లోపే. ఫ్లోరు గట్టిగా ఉంది. ఎడమ వెనక మౌంటు దగ్గర మాత్రం పొరలు పొరలుగా తుప్పు రాలుతోంది.

రింగులు_వాల్వులు:
అంటే ఇంజన్‌కి సీళ్లు చాలు. హెడ్ పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు ఆ మౌంటుని వైర్ బ్రష్‌తో తెల్ల ఇనుము కనిపించేదాకా గీకించి, చిన్న సుత్తితో చుట్టూ కొట్టి చూడండి. ఖంగుమంటే తుప్పు పైపైదే, ప్రైమర్ వేసి అండర్ కోటింగ్ చేయించి పనిలో దిగండి. మొద్దుగా మోగినా, రేకు లోపలికి పోయినా, నల్గొండ గారి మాట విని తుక్కుకి ఇచ్చేయండి.