బెంగళూరులో నీడ మాయమయ్యేది ఏప్రిల్ 24నే ఎందుకు?

వర్తూరు మేడ:
ఏప్రిల్ 24న మా అపార్ట్‌మెంట్ పిల్లలకి మేడ మీద నీడ మాయమవడం చూపించాలనుకుంటున్నాం. ఎండలు ముదిరేది మేలో, సూర్యుడు బాగా ఉత్తరానికి వెళ్లేది జూన్ 21న. మరి నీడ ఏప్రిల్‌లోనే ఎందుకు పోతుంది? ఎన్ని గంటలకి, ఏం పెట్టి చూడాలి? హైదరాబాద్‌లో ఉన్న మా అక్క పిల్లలు కూడా అదే రోజు చూడొచ్చా?

నక్షత్రదర్శి:
ఎండ వేడికీ దీనికీ సంబంధం లేదండి. సూర్యుడు మన ఊరి అక్షాంశం మీదికి వచ్చిన రోజున మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు నీడ పోతుంది, అంతే. బెంగళూరు 12.97 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు ఆ గీత దాటి ఉత్తరానికి పోతాడు, ఆగస్టు 18 ప్రాంతంలో వెనక్కి దాటుతాడు. మధ్యలో దాదాపు నాలుగు నెలలు మన మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది! జూన్ 21న మీటరు కర్ర నిలబెట్టి చూడండి, దక్షిణం వైపు పద్దెనిమిదిన్నర సెం.మీ. నీడ ఉంటుంది. కర్కటరేఖకి పైనున్న ఢిల్లీలో నీడ ఏనాడూ పూర్తిగా పోదు.

12 గంటలకి మాత్రం చూడకండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బెంగళూరు 77.6 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 20 నిమిషాల తేడా. ఏప్రిల్ 24న సూర్యుడు గడియారం లెక్క కంటే 2 నిమిషాలు ముందుంటాడు కనుక 12:17. ఆగస్టు 18న 4 నిమిషాలు వెనకబడతాడు, అప్పుడు 12:24. చెన్నైలో అయితే ఏప్రిల్‌లో 12:07కే.

రసమట్టం:
స్టీలు గ్లాసు బోర్లించి చూపిస్తుంటారు, అది వద్దు. నేలకి ఆనిన వైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి అసలు సమయానికి ముందే నీడ పోయినట్టు కనిపిస్తుంది. రెండంగుళాల పీవీసీ పైపు 15 సెం.మీ. ముక్క, రెండు చివరలూ సమంగా కోయించి తెచ్చుకోండి.

ఎక్కువ మంది దెబ్బతినేది మేడ వాలు దగ్గర. వాన నీళ్లు పోవడానికి ప్రతి మేడకీ వాలు ఉంటుంది. పైపు ఒక్క డిగ్రీ ఒరిగినా 2.6 మి.మీ. నీడ మిగిలిపోతుంది. ప్లైవుడ్ ముక్క పరిచి, కింద అట్టముక్కలు దోపి, రసమట్టంతో రెండు దిక్కులా సరిచూశాక తెల్ల కాగితం వేయండి. 12:05 నుంచి రెండేసి నిమిషాలకోసారి నీడ అంచు పెన్సిల్‌తో గీయించండి. మొదట పడమటికి ఏడెనిమిది మి.మీ. ఉన్న నీడ కుంచించుకుపోయి, తర్వాత తూర్పున మొలుస్తుంది. 12:17కి పైపులోకి తొంగిచూస్తే అడుగంతా వెలుగే, ఓ పక్క చీకటి ఉండదు. చూసేటప్పుడు తల అడ్డం రాకూడదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ అంచు మిల్లీమీటరున్నర మేర మసకగా ఉంటుంది, కంగారు పడొద్దు.

అక్షాంశం 17:
హైదరాబాద్ వంతు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. అయినా ఏప్రిల్ 24న మీ అక్క పిల్లలకి ఇంకా మంచి పని ఉంది: భూమి చుట్టుకొలత కట్టొచ్చు. ఆ రోజు 12:14కి వాళ్లు మీటరు కర్రని నిట్టనిలువుగా నిలబెట్టి నీడ కొలవాలి. ఉత్తరానికి 7.7 సెం.మీ. వస్తుంది, అంటే 4.4 డిగ్రీల కోణం. బెంగళూరులో ఆ రోజు కోణం సున్నా కాబట్టి రెండూళ్ల మధ్య తేడా ఇదే. రెండూళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం సుమారు 490 కి.మీ. దాన్ని 360తో గుణించి 4.4తో భాగిస్తే దాదాపు 40,090 కి.మీ. ధ్రువాల మీదుగా అసలు కొలత 40,008! క్రీ.పూ. మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన లెక్క ఇదే.

రోడ్డు దూరం వేయకండి, లెక్క చెడుతుంది. నీడ 3 మి.మీ. ఎక్కువ కొలిస్తే చుట్టుకొలత 1,500 కి.మీ. తగ్గిపోతుంది. మసక అంచు మధ్యకి కొలవమనండి.

నక్షత్రదర్శి:
ఒక్కటి కలుపుతాను. మన బెంగళూరు గవిపురంలోని గవి గంగాధరేశ్వర ఆలయంలో సంక్రాంతి సాయంత్రం నంది కొమ్ముల మధ్యగా లింగం మీద వెలుగు పడుతుంది కదా. సూర్యుడు నవంబరు చివర్లో కూడా అదే స్థానానికి వస్తాడు, ఇదే రెండుసార్ల సూత్రం. మీ మేడ మీది ప్రయోగాన్ని మాత్రం ఆగస్టుకి వాయిదా వేయకండి, అప్పుడు మబ్బులు. ఏప్రిల్ 24న మబ్బు కమ్మితే 23న గానీ 25న గానీ చేసినా 15 సెం.మీ. పైపుకి తేడా ఒక మిల్లీమీటరు లోపే.