25 వేలలో లాప్‌టాప్: కొత్త 4 జీబీదా, సెకండ్‌హ్యాండ్ 8 జీబీదా?

అనకాపల్లి నుంచి:
మా అమ్మాయి డిగ్రీలో చేరింది. ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్, ఎక్సెల్, ఇంటి కరెంటు బిల్లు, రైలు టికెట్లు, ఇంతే పని. షాపాయన సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న కొత్తది చూపించి "స్టూడెంట్లకి ఇది చాలండి" అన్నాడు. సికింద్రాబాద్‌లో ఉండే మా తమ్ముడేమో అక్కడి కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో సెకండ్‌హ్యాండ్ చూద్దాం రమ్మంటున్నాడు. ఏది మంచిదంటారు?

భీమవరం నుంచి:
కొత్తదే తీసుకోండి సార్. ఏడాది వారంటీ ఉంటుంది, బిల్లు ఉంటుంది. పాతది పాడైతే సికింద్రాబాద్ దాకా ఎవరు మోసుకెళ్తారు?

వరంగల్ నుంచి:
దయచేసి ఆ కొత్తది కొనకండి. 2021లో మా అబ్బాయికి అలాంటిదే కొన్నాను. క్లాసు నడుస్తుండగా వర్డ్ ఫైల్ తెరిస్తే చాలు, మౌస్ బాణం బిగుసుకుపోయేది. అటెండెన్స్ పిలిచే వేళకి వాడి గొంతు అవతలికి వినపడేది కాదు. రోజూ అదే టెన్షన్. ర్యామ్ పెంచుదామని తీసుకెళ్తే రిపేరు షాపాయన వెనక మూత విప్పి చూపించాడు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, స్లాటే లేదు. స్టోరేజీ కూడా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కాదు, దానికన్నా నెమ్మదైన ఈఎంఎంసీ. ఆ 64 జీబీలో విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలేది కాదు. వారంటీ ఉంది, కానీ ఏం లాభం? అందులో పాడైందంటూ ఏమీ లేదు, దాని తీరే అంత.

అందుకే చెబుతున్నా, తర్వాత మార్చుకోలేనివి ముందు చూడండి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ లేనిది వద్దు. విండోస్ 11కి 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్టే చెబుతుంది. అది విండోస్ తెరుచుకోవడానికి సరిపోతుంది, పక్కన క్లాసూ పది ట్యాబులూ నడవడానికి కాదు. స్క్రీన్ ఐపీఎస్ అయితే మంచిది. టీఎన్ అయితే పక్కనుంచి చూసేసరికి రంగులు వెలిసిపోతాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసే లెనొవో థింక్‌ప్యాడ్ టీ480 లాంటివాటిలో ర్యామ్ స్లాట్లు రెండుంటాయి, మీ బడ్జెట్‌లో దొరుకుతాయి.

భీమవరం నుంచి:
మరి బ్యాటరీ సంగతో? పైగా ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ అన్న స్టిక్కర్ చూపించి పదేళ్ల నాటివి అంటగడుతున్నారు. మా బావగారికి నాలుగో తరంది ఇచ్చారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11 వేద్దామంటే ఆ ప్రాసెసర్‌కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు.

వరంగల్ నుంచి:
నిజమే, అక్కడే చాలామంది మోసపోతున్నారు. ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది ముట్టుకోవద్దు. ఐ5 పక్కన అంకె చూడాలి, ఐ5-8250 అని ఉంటే ఆ మొదటి 8 అంటే 8వ తరం. బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ', పక్కన 'స్లాష్ బ్యాటరీరిపోర్ట్' అని కొట్టమనండి, ఒక పేజీ తయారవుతుంది. డిజైన్ కెపాసిటీ 48,000 ఉండి ఫుల్ ఛార్జ్ 24,000 చూపిస్తే సగం అయిపోయినట్టే, ఆ మేరకు ధర తగ్గించమనండి. బ్యాటరీ కొత్తది వేయించుకోవచ్చు, బోర్డుకి అతికిన ర్యామ్‌ని ఏం చేస్తాం? వారంటీ బిల్లు మీద రాసివ్వని చోట మాత్రం కొనకండి, ఆ విషయంలో భీమవరం వారి మాటే నా మాట.

అనకాపల్లి నుంచి:
ఇవాళ మళ్లీ షాపుకెళ్లి ర్యామ్ స్లాట్ ఉందా అని అడిగాను. ఆయన మోడల్ నంబరు చూసుకుని లేదన్నాడు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను. వచ్చే వారం అమ్మాయిని తీసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. కీబోర్డు మీద తనే టైప్ చేసి చూసుకుంటుందట.