సేఫ్టీ వాల్వు స్ప్రింగు: ఫాస్ఫర్ బ్రాంజా, స్టెయిన్‌లెస్సా?

ఆవిరిబండి: నా చిన్న మోడల్ ఆవిరి ఇంజనుకి సేఫ్టీ వాల్వు (ఒత్తిడి హద్దు దాటితే లేచి ఆవిరిని బయటికి వదిలేది) చేస్తున్నా. రాగి బాయిలరు, నడిపే ఒత్తిడి 4 బార్. వాల్వు సీటు రంధ్రం 5 మి.మీ., దాని మీద స్టెయిన్‌లెస్ బాల్. స్ప్రింగు 0.7 మి.మీ. వైరుతో, సగటు వ్యాసం 6 మి.మీ., పనిచేసే చుట్లు 8. ఏ లోహం వాడాలి?

లేతుమావయ్య: బ్రాంజే (రాగి, తగరం మిశ్రమం). రంధ్రం వైశాల్యం 19.6 చ.మి.మీ., కాబట్టి 4 బార్ దగ్గర బాల్‌ను అదిమి ఉంచడానికి 7.85 న్యూటన్లు కావాలి, అంటే 800 గ్రాముల బరువు. మీ కొలతలకి స్టెయిన్‌లెస్ బిగువు (స్ప్రింగును ఒక మి.మీ. నొక్కడానికి కావలసిన బలం) మి.మీ.కి 1.2 న్యూటన్లు, బ్రాంజ్‌ది 0.7. బాల్ అర మి.మీ. లేచేసరికి స్టెయిన్‌లెస్‌తో 4.3 బార్ అవుతుంది, బ్రాంజ్‌తో 4.2 కూడా దాటదు. ఆవిరి బయటికి పోయే దార్లన్నీ మూసి మంట పూర్తిగా పెట్టినా ఒత్తిడి 10 శాతం మించి పెరగకూడదు కదా, అక్కడ ఈ తేడా చిన్నదేం కాదు.

సీటుసుత్తి: లెక్క సరే, లోహమే తప్పు. 4 బార్ ఆవిరి 152 డిగ్రీలుంటుంది. బ్రాంజ్ స్ప్రింగు 100 దాటితే మెల్లగా తోసే బలం కోల్పోతుంది. పైగా ఈ స్ప్రింగులో వైరు మీద పడే మెలి భారం (వైరును మెలితిప్పే ఒత్తిడి) 410 మెగాపాస్కల్స్. చల్లగా ఉన్నప్పుడే బ్రాంజ్‌కి అది అంచు.

లేతుమావయ్య: బలం తగ్గితే వాల్వు ముందే లేస్తుంది. అందులో ప్రమాదమేముంది?

సీటుసుత్తి: ముందే లేస్తోందని నట్టు ఇంకాస్త బిగిస్తారు, మళ్లీ బిగిస్తారు. చివరికి చుట్టు చుట్టుకి ఆనుకుంటుంది. ఇక బాల్ లేవడానికి చోటుండదు. బాయిలరుకి బిరడా కొట్టినట్టే!

చుట్లలెక్క: ఇద్దరూ 0.7 వైరునే పట్టుకు కూర్చున్నారు. స్టెయిన్‌లెస్సే, కానీ 0.6 తీసుకోండి. బిగువు వైరు మందం నాలుగో ఘాతంతో మారుతుంది కాబట్టి అదే 8 చుట్లకి మి.మీ.కి 0.66కి దిగుతుంది, బ్రాంజ్ కన్నా మెత్తన. మెలి భారం 640 దాకా పోతుంది, గట్టి స్ప్రింగు వైరు అయితే మోస్తుంది (కట్టుడు వైరు పనికిరాదు). 12 మి.మీ. నొక్కాలి. అటూ ఇటూ చివరి చుట్లతో కలిపి మొత్తం 10, పూర్తిగా ఆనుకుంటే 6 మి.మీ. స్వేచ్ఛా పొడవు (నొక్కకముందు ఉండేది) 19.5 పెడితే బిగించాక 7.5, అంటే ఇంకా 1.5 మి.మీ. ఖాళీ.

వైరును మైక్రోమీటరుతో కొలవండి. 0.6 అనుకున్నది 0.65 అయితే బిగువు 38 శాతం పెరుగుతుంది. పొడవు ఎక్కువైందని చుట్లు కత్తిరించినా స్ప్రింగు గట్టిపడుతుంది. చివరి చుట్లు సమంగా అరగదీయకపోతే బాల్ ఒక పక్కకి ఒరిగి వాల్వు కారుతుంది, దానికి సీటును తిట్టుకుంటారు.

ఆవిరిబండి: బిగించే ముందు సరిచూసే మార్గం?

చుట్లలెక్క: వంటింటి త్రాసు మీద నిలబెట్టి 7.5 మి.మీ.కి నొక్కండి, 800 గ్రాముల దగ్గర చూపాలి. అది స్ప్రింగు సరైనదో కాదో తేల్చడానికే. లేచే ఒత్తిడిని మాత్రం సరిచూసిన గేజీ పెట్టి, ఆవిరి మీదే సెట్ చేయాలి. సీటు అంచు వెడల్పైతే ఆవిరి తోసే వైశాల్యం కూడా పెరుగుతుంది, అందుకే త్రాసు లెక్క కన్నా ముందే లేస్తుంది.

లేతుమావయ్య: 4 బార్‌కి 0.6 స్టెయిన్‌లెస్ ఒప్పుకుంటున్నా. 1.5 బార్ బొమ్మ ఇంజన్లకి మాత్రం నా ఓటు బ్రాంజ్‌కే. భారం సగం కూడా ఉండదు, లేతు మీద చుట్టడమూ తేలిక.