వెనుక బ్రేక్ ఆయిల్ డబ్బా మార్చాక పెడల్ మెత్తబడింది: తప్పు బిగింపులో ఉందా?

ఖమ్మం సవారీ:
అందరికీ నమస్కారం. నాది వెనుక డిస్క్ బ్రేకు ఉన్న 150 సీసీ బండి, కొని తొమ్మిదేళ్లయింది, ఏబీఎస్ లేదు. ఎండకు పసుపుబారిన బ్రేక్ ఆయిల్ డబ్బాకు బోల్టు పట్టే చెవి పోయిన నెల విరిగిపోయింది. దగ్గరలో ఉన్న మెకానిక్ షెడ్డులో ఏ బండికైనా సరిపోతుందని చెప్పి వేరే డబ్బా పెట్టారు. పాత పైపు పొట్టిదైపోయిందని మరో నల్ల పైపు తొడిగి, డబ్బాను సైడ్ ప్యానెల్ వెనుక ఫ్రేముకు ప్లాస్టిక్ ట్యాగుతో కట్టి ఇచ్చారు. మూడు వారాలు తిరక్కుండానే పెడల్ మునుపటికంటే లోతుకు దిగుతోంది, పైపు చివర తడి కనిపిస్తోంది, దాని కింద ఫ్రేము రంగు పొక్కి గోరు తగిలితే పొరలుగా ఊడివస్తోంది. డబ్బాను మళ్లీ సరిగ్గా బిగిస్తే చాలునా, లేక బ్రేకు మొత్తం విప్పించాలా?

ఆటోనగర్ పానా:
బిగింపు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ నల్ల పైపును రెండు వేళ్లతో నొక్కి చూడండి. అది మెత్తగా జిగురుగా తగిలి, నొక్కిన చోట గుంట అలాగే నిలిచిపోతే, మీకు తొడిగింది పెట్రోలు పైపేనని అనుకోవచ్చు. పెట్రోలుకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు బ్రేక్ ఆయిల్‌లో ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్‌కు తట్టుకునేది ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరు. పైకి రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి కనుక షెడ్డులో చేతికందిన ముక్క తొడగడం మామూలైపోయింది. మీ బండి మోడల్ చెప్పి, డబ్బా నుంచి మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను ఒత్తిడితో బ్రేకుకు నెట్టే భాగం) వచ్చే పైపును క్లిప్పులతో సహా విడిభాగాల దుకాణంలో అడిగి తీసుకోండి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పైపులో బ్రేకు ఒత్తిడి ఉండదు, ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగుతుంది, కాబట్టి పైపు ఉబ్బినంత మాత్రాన పెడల్ మెత్తబడదు. ఉబ్బిన పైపు క్లిప్పు దగ్గర పట్టు వదిలి కారుతుంది, డబ్బాలో మట్టం అడుగుకు పడిపోతుంది, అప్పుడు మాస్టర్ సిలిండర్ గాలి పీల్చుకుంటుంది. మీ పెడల్ లోతుకు దిగడానికి కారణం ఆ గాలి.

ఇక డబ్బాను ఎక్కడ పెట్టాలన్నది. దాని అడుగు మాస్టర్ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి, పైపు కింది నుంచి డబ్బా దాకా ఎక్కడా ఒంగకుండా పైకే పోవాలి. పైపు మధ్యలో లేచి మళ్లీ దిగితే ఆ మూపులో గాలి బుడగ చిక్కుకుని ఎన్నిసార్లు బ్లీడింగ్ (ఆయిల్‌తో పాటు గాలిని బయటికి తీయడం) చేసినా బయటికి రాదు. సైలెన్సర్ వేడి, షాకబ్జార్బర్ స్ప్రింగు తగలని చోటే పెట్టాలి. ట్యాగు కట్టు నాకు ఏమాత్రం నచ్చదు: గతుకుల రోడ్డు మీద డబ్బా ఊగి, ఆ ఊపంతా పైపు మీద పడుతుంది.

పాత డబ్బా విరిగిన తీరు కూడా ఒకసారి చూడండి. చాలా బండ్లలో ఆ చెవి రంధ్రంలో చిన్న లోహపు గొట్టం ఉంటుంది. బోల్టు బిగింపంతా దాని మీద పడి ప్లాస్టిక్ నలగకుండా ఉంటుంది. ఎప్పుడో విప్పినప్పుడు ఆ గొట్టం జారిపోయి ఉంటే, ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా రెండో బిగింపుకే పగులుతుంది.

పాతబండి ప్రేమికుడు:
పైన చెప్పినదంతా నిజమే, అయితే బ్రేకు మొత్తం విప్పించాల్సిన పని లేదని కూడా చెప్పాలి. సిరంజితో డబ్బాలోని ఆయిల్ తీసేసి, కింద తడిగుడ్డ పరచి పైపు మార్చుకోండి. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. మాస్టర్ సిలిండర్ దగ్గరి ప్లాస్టిక్ మూలముక్కకు చిన్న ఓ-రింగ్ (కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు) ఉంటే అదీ మార్చి, దానికి గ్రీజు కాకుండా బ్రేక్ ఆయిలే పూయండి. డబ్బా ఖాళీగా ఉన్నంతసేపూ పెడల్ తొక్కవద్దు. నింపాక పెడల్‌ను అంగుళం మాత్రమే, నెమ్మదిగా, చాలాసార్లు కదిపితే బుడగలు ఒక్కొక్కటే డబ్బాలోకి తేలి రావడం కనిపిస్తుంది. అవి ఆగిన తరువాతే కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) దగ్గర బ్లీడింగ్ చేయాలి.

మూత మీద ఏ రకం రాసి ఉంటే ఆ ఆయిలే, కొత్తగా సీలు తీసిన సీసా నుంచే పోయండి. డాట్ అన్నది బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ పరిమితి 155 డిగ్రీలు మాత్రమే. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 మాత్రం డాట్ 4 లాగే గ్లైకాల్ రకమే (ఈ పేర్లు పెట్టినవారికి దండం పెట్టాలి).

బండిని నిటారుగా నిలిపి మట్టం చూడండి, సైడ్ స్టాండు మీద చూస్తే తప్పు కనిపిస్తుంది. ప్యాడ్లు అరిగిన బండికి పై గీత దాకా నింపవద్దు, ఎందుకంటే కొత్త ప్యాడ్లు వేసే రోజున పిస్టన్‌ను వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి మూత నుంచి కారుతుంది. మూత కింద ముడతల రబ్బరు సాగి వేలాడుతుంటే తుడిచి మడతలు మళ్లీ లోపలికి సర్ది పెట్టండి.

ఖమ్మం సవారీ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పైపు నొక్కి చూస్తే వేలి గుంట అలాగే నిలిచింది. పాత డబ్బా చెవిలో లోహపు గొట్టం లేదు. నట్లు బోల్టులు వేసే డబ్బాలో వెతికితే, పోయినేడు నేనే ఆ బోల్టు విప్పినప్పుడు జారినది దొరికింది. షెడ్డువాళ్లను తిట్టుకున్నదానిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మా బండికి సరిపోయే డబ్బా, పైపు నిన్న వచ్చాయి, పెడల్ ఇప్పుడు పైనే గట్టిగా నిలుస్తోంది. ఒక్క అనుమానం: చక్రాన్ని చేత్తో తిప్పితే కొద్దిగా రాపిడి వినిపిస్తోంది.

ఆటోనగర్ పానా:
డిస్క్‌కు ప్యాడ్లు లేతగా రాసుకునే చప్పుడు మామూలే. పది కిలోమీటర్లు నడిపి వచ్చి, డిస్క్‌ను ముట్టుకోకుండా చేయి దగ్గరగా పెట్టి వేడి చూడండి, చక్రం చేత్తో తిరుగుతోందో లేదో కూడా చూడండి. బిగుసుకుపోతుంటే పెడల్ పుష్‌రాడ్‌కు (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీ) ఏ కొంచెమూ ఖాళీ లేకుండా బిగించి ఉండవచ్చు. అలా ఉంటే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నని రంధ్రం మూతబడే ఉంటుంది, ఒత్తిడి వదలక ప్యాడ్లు డిస్క్‌ను పట్టే ఉంటాయి.