వన్ పీస్ డీవీడీలు: రీజియన్ చిక్కు, నకిలీ సెట్ల గుర్తులు తెలిసినవాళ్లు చెప్పండి

నల్లగొండ నుంచి అడుగుతున్నా. 1999లో జపాన్ టీవీలో మొదలైన యానిమేషన్ సిరీస్ వన్ పీస్‌ను మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా డీవీడీల్లో కూడబెట్టాలని ఉంది. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో కట్టడి చేసే నంబరే రీజియన్. అమెరికా సెట్లు రీజియన్ 1, ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి). మన దేశానిది రీజియన్ 5. కంప్యూటర్ డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లే మార్చుకోవచ్చు, తర్వాత ఆఖరున పెట్టిందే ఖాయం. అందుకే ఒక పాత డ్రైవును రీజియన్ 1కే వదిలేద్దామనుకుంటున్నా. మరి టీవీకి తగిలించే ప్లేయర్లలో రిమోట్ కోడ్‌తో అన్ని రీజియన్లూ ఆడేవి ఏవి?

అసలు భయం నకిలీలతోనే. అమెరికా మొదటి కలెక్షన్‌లో 26 ఎపిసోడ్లు నాలుగు డిస్కుల్లో వస్తాయి. అవే ఒక్క డిస్కులో కుక్కితే 4.7 జీబీలో దాదాపు పది గంటల బొమ్మ. కొట్లాట సీన్లలో గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. అడుగున ఊదారంగు కనబడితే అది డ్రైవులో రాసిన డిస్కని తెలుస్తుంది. కానీ వెండిరంగులో అచ్చేసిన నకిలీలూ ఉన్నాయి కదా! నడిమి రింగు మీది ఐఎఫ్‌పీఐ కోడ్ (డిస్కు అచ్చేసిన ఫ్యాక్టరీ గుర్తు) చూస్తే చాలా? పాత సెట్ అమ్మేవాళ్లను ఇంకా దేని ఫొటో అడగాలి?

ఇంకొకటి, మన ఎండాకాలానికి డిస్కులు వంగకుండా ఎట్లా పెడుతున్నరు?