డిష్ తీసేసి కేబుల్ పెట్టించాం, హెచ్‌డీ రికార్డింగ్ అంతా ముక్కలైపోతోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్

నిద్రలేని_రిమోట్
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నా, ఇప్పుడు రాత్రి పన్నెండు దాటింది. ఇన్నాళ్లూ మాకు డిష్ ఉండేది. వాన పడితే చాలు బొమ్మ పోతోందని విసుగొచ్చి కేబుల్‌కి మారాం. కొత్త బాక్స్‌లో హెచ్‌డీ ఉంది, రికార్డింగ్ ఉంది అని చెప్పి మరీ అంటగట్టారు. తీరా రికార్డ్ చేసి చూస్తే హెచ్‌డీ చానళ్లు గళ్లు గళ్లుగా విడిపోతున్నాయి, మాట తెగిపోతోంది, ఒక్కోసారి రికార్డింగ్ మధ్యలోనే ఆగిపోతోంది. మామూలు చానళ్లు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. పాత హార్డ్‌డిస్క్ తగిలిస్తే అందులోవి ఒక్కటీ కనిపించడం లేదు. పైగా ఒకటి రికార్డ్ అవుతుంటే ఇంకొకటి చూడనివ్వదు. సెట్టింగులన్నీ మార్చి చూశాను, రీసెట్ కూడా చేశాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "బాక్స్ ఆపి మళ్లీ వెయ్యండి" అంటారు, ఇంకో మాట లేదు. ఏం చెయ్యాలి?

ముక్తసరి
బాక్స్ మోడల్? ఏ హార్డ్‌డిస్క్? లైవ్‌లోనూ విడిపోతోందా?

నిద్రలేని_రిమోట్
బాక్స్ కేబుల్ వాళ్లు ఇచ్చిందేనండీ, నల్లగా ఉంటుంది. హార్డ్‌డిస్క్ పాతదే, దానికేం కాలేదు. లైవ్ అంటే... మేం లైవ్ చూడం, అన్నీ రికార్డ్ చేసుకునే చూస్తాం. అందుకే కదా ఇంత బాధ.

ముక్తసరి
ఒకసారి లైవ్ చూడండి.

అంతా_స్ట్రీమింగే
ఈ రోజుల్లో కూడా రికార్డింగా బ్రదర్? యాప్ పెట్టుకోండి, గొడవే ఉండదు.

నిద్రలేని_రిమోట్
యాప్‌లో సగం వాళ్ల ఇష్టమొచ్చినప్పుడు తీసేస్తున్నారు. అమ్మ చూసే సీరియల్ మధ్యలో మాయమైతే నాకు వినపడుతుంది, మీకు కాదు. రికార్డింగ్ గురించి చెప్పండి చాలు.

డిష్_భక్తుడు
అసలు డిష్ తీసెయ్యడమే తొందరపాటు అంటాను. వానకి బొమ్మ పోతోందంటే తప్పు డిష్‌ది కాదు, బిగించినవాడిది. టీవీ ఉపగ్రహాలు ఎక్కువగా కేయూ బ్యాండ్‌లో, అంటే సుమారు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య పంపుతాయి. ఆ ఫ్రీక్వెన్సీలో వాన చినుకులు సిగ్నల్‌ని మింగేస్తాయి, అది నిజమే. కానీ డిష్‌ని మిల్లీమీటర్ల తేడా లేకుండా గురి చూసి బిగిస్తే, మామూలు వానకి సరిపడా మిగులు ఉంటుంది. ఎవరూ అంత ఓపిగ్గా చెయ్యరు. మీటర్‌లో గీత కనిపించగానే బోల్టు బిగించి దిగిపోతారు.

డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీ ఎంత గొప్ప పరికరమో చాలామందికి తెలియదు. అంత పెద్ద ఫ్రీక్వెన్సీ వైరులో కిందకి దిగేలోపే అరిగిపోతుంది. అందుకే ఎల్‌ఎన్‌బీ దాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌కి దించి పంపుతుంది. 10.7 లోంచి 9.75 తీసేస్తే 0.95, లెక్క అంతే. నిలువు తరంగాలా, అడ్డం తరంగాలా అన్నది బాక్స్ పంపే 13 వోల్టులు, 18 వోల్టులు నిర్ణయిస్తాయి. పై బ్యాండ్ కావాలంటే 22 కిలోహెర్ట్జ్ టోన్ పంపుతుంది. ఒక్క వైరు మీద కరెంటు పైకి, బొమ్మ కిందకి! 2005లో ఉపగ్రహ ప్రసారానికి డీవీబీ-ఎస్2 అనే కొత్త ప్రమాణం వచ్చాక అదే ట్రాన్స్‌పాండర్‌లో (ఉపగ్రహంలో సిగ్నల్‌ని అందుకుని తిరిగి పంపే భాగం) ఇంకా ఎక్కువ చానళ్లు పడుతున్నాయి. కేబుల్ వాళ్లు కూడా చాలా చానళ్లని డిష్‌తోనే దించుకుని మీకు పంచుతారు. అంటే మీరు డిష్ వదిలెయ్యలేదు, వేరేవాళ్ల డిష్‌కి మారారు.

పిక్సెల్_పంతులు
పైవారికి చిన్న సవరణ. సమస్య చానళ్లకి చోటు కాదు, బిట్‌రేటు, అంటే సెకనుకి ఎన్ని బిట్లు పంపుతున్నారన్నది. హెచ్‌డీ అని పేరు పెట్టి 1080ఐ పంపుతారు, జనం దాన్ని ఫుల్ హెచ్‌డీ అనేసుకుంటారు. 1080ఐలో ఒక్కోసారి వచ్చేది సగం గీతలే, 540. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. ఆటలు చూసేటప్పుడు 720 గీతలూ ఒకేసారి వచ్చే 720పీ దానికంటే మేలు. అడిగినవారు ముందు తమ చానల్ 720పీనా 1080ఐనా చెప్పాలి.

ముక్తసరి
దానికీ గళ్లకీ సంబంధం లేదు.

పిక్సెల్_పంతులు
కుదింపు ఎక్కువైతే గళ్లు వస్తాయండీ. ఎమ్‌పెగ్ అనే వీడియో కుదింపు పద్ధతి ఎందుకు పుట్టిందో తెలిసినవారెవరైనా చెప్తారు.

వైరుముక్క
కుదింపు గళ్లు వేరు, సిగ్నల్ తెగిన గళ్లు వేరు పంతులుగారూ. కుదింపు ఎక్కువైతే బొమ్మ అలుక్కుపోయినట్టు ఉంటుంది, గడ్డి, నీళ్లు లాంటివి ముద్దగా కనిపిస్తాయి. కానీ మాట తెగదు, రికార్డింగ్ ఆగదు. ఈయనకి మాట కూడా తెగుతోంది. ఇది సిగ్నల్.

రిమోట్ గారూ, ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ బాక్స్ రికార్డ్ చేసేటప్పుడు బొమ్మని మళ్లీ తయారుచెయ్యదు. వైరులో వచ్చిన బిట్లని ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద రాస్తుంది. లోపలికి పాడై వస్తే పాడుగానే రాస్తుంది. కాబట్టి ముక్తసరి గారు అడిగింది చూసి చెప్పండి, లైవ్ బాగుంటే డిస్క్‌ని అనుమానించాలి, లైవ్ కూడా పాడైతే వైరుని.

క్యాప్చర్_బాబాయ్
ఇవన్నీ ఎందుకు తమ్ముడూ, బాక్స్ రికార్డింగ్‌ని నమ్మకు. బాక్స్ నుంచి టీవీకి వెళ్లే బొమ్మని పట్టే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరం కొని కంప్యూటర్‌కి పెట్టు. నీ ఫైలు నీది.

ముక్తసరి
హెచ్‌డీసీపీ (కాపీ చెయ్యకుండా వేసే లాక్) ఉంటే నల్ల తెర వస్తుంది.

క్యాప్చర్_బాబాయ్
దానికీ దారులున్నాయిలే.

చట్టం_చదివినవాడు
ఆ దారుల గురించి ఇక్కడ రాయకండి. లాక్‌ని దాటడం చాలా దేశాల చట్టాల్లో తప్పు. అసలు టీవీలో వచ్చింది రికార్డ్ చేసుకోవడమే అనుమతి లేని పని కదా?

పిక్సెల్_పంతులు
కాదు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు బీటామ్యాక్స్ (సోనీ వీడియో టేపు రికార్డర్) కేసులో 5–4 తేడాతో తేల్చింది, ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డ్ చేసుకోవడం తప్పు కాదని. ఒక్క ఓటు తేడా! ఆ ఒక్కటీ అటు పడి ఉంటే 1999లో టివో, రీప్లేటీవీ లాంటి డిస్క్ రికార్డర్లు వచ్చేవా అని నా అనుమానం.

చట్టం_చదివినవాడు
అది అమెరికా తీర్పు, టేపుల కాలం నాటిది. తర్వాత చూసుకోవడం వేరు, దాచుకోవడం వేరు. క్లౌడ్ రికార్డింగ్ ఇంకా వేరు.

వైరుముక్క
దాని మీద ఇంకో చర్చ పెట్టుకోండి మహాప్రభో. బాబాయ్ గారూ, లోపలికి వచ్చే బొమ్మే విరిగి ఉంటే క్యాప్చర్ పరికరం విరిగిన బొమ్మనే పడుతుంది. దానికో డబ్బు దండగ.

నిద్రలేని_రిమోట్
లైవ్ చూశాను. లైవ్‌లోనూ అంతే. అన్ని హెచ్‌డీ చానళ్లూ కాదు, కొన్ని. రెండు మూడు హెచ్‌డీ చానళ్లు బాగానే ఉన్నాయి. మిగతావి ఓసారి బాగుంటాయి, ఓసారి సిగ్నల్ లేదు అని వస్తుంది. పక్క గదిలో టీవీ కూడా అలాగే ఉంది.

ముక్తసరి
పక్క గదిలో కూడా బాక్స్ ఉందా? ముందే చెప్పాల్సింది.

నిద్రలేని_రిమోట్
డిష్ ఉన్నప్పుడూ రెండు గదుల్లో ఉండేవి కదా, అందుకే చెప్పలేదు. ఇందులో కొత్తేముంది?

హార్డ్‌డిస్క్_హరిదాసు
నాది వేరే అనుమానం. డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. హెచ్‌డీ చానల్ సెకనుకి 8 మెగాబిట్లు అనుకుంటే గంటకి 3.6 జీబీ, అంటే గంటా పది నిమిషాలకి ఆగిపోతుంది. సరిగ్గా సినిమా రెండో సగంలో!

నిద్రలేని_రిమోట్
ఒక్కోసారి పది నిమిషాలకే ఆగుతోందండీ.

హార్డ్‌డిస్క్_హరిదాసు
అయితే కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులు. తిరిగే డిస్కులు మొదలయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతాయి. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ వాడండి.

ముక్తసరి
లైవ్‌లోనూ పాడైతే డిస్క్ కాదు. పైన చెప్పారు.

వైరుముక్క
అవును. ఇక వైరు సంగతి చూద్దాం. కొన్ని చానళ్లు బాగుండి కొన్ని పాడవడం మంచి గుర్తు, దాన్ని పట్టుకుని వెళ్లొచ్చు. కేబుల్‌లో చానళ్లని గుంపులు గుంపులుగా ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద పంపుతారు. 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక గుంపులో 64 క్వామ్ (బిట్లని సిగ్నల్ మీద ఎక్కించే పద్ధతి) వాడితే సెకనుకి సుమారు 38 మెగాబిట్లు పడతాయి, 256 క్వామ్ వాడితే 50 పైన. అదే కాగితం మీద చిన్న అక్షరాలతో ఎక్కువ రాసినట్టు, వెలుతురు కొంచెం తగ్గినా చదవలేం. 256కి 64 కంటే దాదాపు 6 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) ఎక్కువ శుభ్రమైన సిగ్నల్ కావాలి. హెచ్‌డీ గుంపులు 256లో ఉంటే ముందు దెబ్బ తినేవి అవే. మామూలు చానళ్లు బాగున్నాయి కదా అని వైరు బాగుందనుకోకూడదు.

ఇప్పుడు చెప్పండి, గోడలోంచి వచ్చిన వైరు బాక్స్ దాకా ఎలా వస్తోంది? మధ్యలో ఏమేం ఉన్నాయి?

నిద్రలేని_రిమోట్
మామూలుగానే వస్తుంది. వైరింగ్ అంతా పాతదే, డిష్ అప్పుడు బాగా వేయించాం. కేబుల్ అతను బయటి నుంచి తెచ్చిన వైరు ఆ పాయింట్‌కే కలిపి వెళ్లాడు. అక్కడి నుంచి రెండు గదులకీ చీలుతుంది.

వైరుముక్క
చీలే దగ్గర చిన్న డబ్బా ఉంటుంది. దాని మీద ఏం రాసి ఉందో చూసి చెప్పండి.

డిష్_భక్తుడు
పాత డిష్ వైరింగ్ అంటే అది మంచి ఆర్‌జీ-6 వైరే అయి ఉంటుంది. కేబుల్ వాళ్లు వేసే వైరు కంటే నూరు రెట్లు నయం. దాన్ని అనుమానించకండి.

నిద్రలేని_రిమోట్
స్టూల్ వేసుకుని చూశాను. డబ్బా మీద 950–2150 అని ఉంది. ఇది భక్తుడి గారు పైన రాసిన అంకెలే కదా?

వైరుముక్క
అదిగో! అది శాటిలైట్ స్ప్లిట్టర్, అంటే డిష్ సిగ్నల్‌ని రెండుగా చీల్చే డబ్బా. భక్తుడి గారి ఎల్‌ఎన్‌బీ పురాణం ఇంతసేపటికి పనికొచ్చింది. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే 950–2150 కోసం చేసిన డబ్బా అది. కేబుల్ టీవీ నడిచేది దానికి కింద, సుమారు 50 నుంచి 860 మెగాహెర్ట్జ్ దాకా. ఆ కింది ఫ్రీక్వెన్సీల్లో ఈ డబ్బా ఎంత వదులుతుందో, ఎంత మింగుతుందో దానికే తెలియాలి. ఒక చోట పర్లేదనిపిస్తుంది, ఇంకోచోట గొయ్యి పడుతుంది. కొన్ని చానళ్లు బాగుండి కొన్ని పోవడం అందుకే. బిగించిన అతను ఆ డబ్బా వైపు కన్నెత్తి చూసి ఉండడు.

ప్రస్తుతానికి డబ్బా పక్కన పెట్టి, బయటి వైరుని నేరుగా రికార్డింగ్ బాక్స్‌కి వెళ్లే వైరుకి కలపండి. రెండు ఎఫ్ కనెక్టర్లని (వైరు చివర మరతో బిగించేవి) కలిపే చిన్న జాయింటు దొరుకుతుంది. మధ్య తీగ వంగకుండా చూసుకోండి. రాగి పోగు ఒక్కటి బయటి జాలికి తగిలినా మళ్లీ మొదటికొస్తుంది.

డిష్_భక్తుడు
పురాణం అనకండి. వైరు మంచిదనే చెప్పాను. స్ప్లిట్టర్ గురించి నన్నెవరు అడిగారు?

నిద్రలేని_రిమోట్
సరే చేస్తాను. పాత డిస్క్‌లో రికార్డింగుల సంగతి ఏమిటి? కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతోంది.

హార్డ్‌డిస్క్_హరిదాసు
చెయ్యకండి! కాదు అని నొక్కండి. చాలా బాక్సులు డిస్క్‌ని కంప్యూటర్‌కి అర్థం కాని పద్ధతిలో ఫార్మాట్ చేస్తాయి. డిస్క్ పాడవలేదు, కంప్యూటర్‌కి చదవడం రావట్లేదు, అంతే. కొత్త బాక్స్ కూడా ఫార్మాట్ అడుగుతుంది, దానికీ ఒప్పుకోకండి. కొత్త రికార్డింగులకి వేరే డిస్క్ పెట్టుకోండి.

ముక్తసరి
కంప్యూటర్ చదివినా చూడలేరు. పాత బాక్స్ తాళం వేసి రాస్తుంది. తాళంచెవి ఆ బాక్స్ చిప్‌లోనే.

నిద్రలేని_రిమోట్
అంటే పాత బాక్స్ ఉంటే చూడొచ్చా? అది తిరిగి ఇచ్చెయ్యాలని ఫోన్లు చేస్తున్నారు.

అంతా_స్ట్రీమింగే
చూశారా, ఇందుకే యాప్ అన్నది.

క్యాప్చర్_బాబాయ్
చూశావా, ఇందుకే క్యాప్చర్ అన్నది.

వైరుముక్క
ఇవ్వకముందే తగిలించి చూడండి. కనెక్షన్ ఆపేశాక కొన్ని బాక్సులు పాత రికార్డింగ్ ఆడిస్తాయి, కొన్ని ఆడించవు. ఆడితే ఇచ్చేలోపు చూడాల్సినవి చూసెయ్యండి.

ఒకటి రికార్డ్ అవుతుంటే ఇంకొకటి చూడలేకపోవడం అంటారా, అందులో మీ తప్పు ఏమీ లేదు, బాక్స్‌లో ట్యూనర్ (చానల్‌ని పట్టే భాగం) ఒక్కటే ఉండి ఉంటుంది. రెండు ట్యూనర్ల బాక్స్ ఇమ్మని అడగండి. డిష్‌లో అయితే రెండో ట్యూనర్‌కి సాధారణంగా ఇంకో వైరు లాగాల్సి వచ్చేది, ఎందుకంటే ఎల్‌ఎన్‌బీ ఒక వైరులో ఒకసారికి ఒక వైపు తరంగాలనే దింపుతుంది. కేబుల్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే వైరులో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. కేబుల్‌కి మారినందుకు దక్కే అసలు లాభం ఇదే అని నా అభిప్రాయం, వాన సంగతి కాదు.

డిష్_భక్తుడు
ఇప్పుడు ఒకే వైరు మీద చాలా ట్యూనర్లు నడిపే యూనికేబుల్ ఎల్‌ఎన్‌బీలు వచ్చాయి. తెలుసుకుని రాయండి.

వైరుముక్క
ఉన్నాయి. ఈయన ఇంటి మీద ఉన్నది అదేనా?

పిక్సెల్_పంతులు
ఇంతకీ ఆ చానల్ 720పీనా 1080ఐనా ఎవరూ అడగలేదు.

నిద్రలేని_రిమోట్
డబ్బా తీసేసి నేరుగా కలిపాను. రాత్రి పెట్టిన రికార్డింగ్ మొత్తం వచ్చింది, గళ్లు లేవు. థాంక్స్ అండీ. పక్క గదిలో ఇప్పుడు అస్సలు రావడం లేదు, అమ్మ అడుగుతోంది.

వైరుముక్క
నేరుగా కలిపితే రాదు మరి. 5–1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న రెండు దారుల స్ప్లిట్టర్ తెచ్చి పెట్టండి. మూడు దారులది వద్దు, వాడని దారి ఎందుకు. రెండు దారులదే ఒక్కో వైపు 3.5 డీబీ దాకా తింటుంది. అది పెట్టాక హెచ్‌డీ మళ్లీ విడిపోతే సిగ్నల్ మీటర్ పట్టుకుని రమ్మని కేబుల్ వాళ్లని పిలవండి, బయటి నుంచే తక్కువ వస్తోందన్నమాట. పాత బాక్స్ తగిలించి చూశారా?

హార్డ్‌డిస్క్_హరిదాసు
ఆ సంగతి నాకూ కావాలి. చూసి చెప్పండి.

కొత్తగా_చేరినవాడిని
నమస్తే. నాకూ ఇదే సమస్య, కానీ నాది కేబుల్ నుంచి డిష్‌కి. రికార్డింగ్ ఆప్షనే కనిపించడం లేదు. ఏం చెయ్యాలి?

ముక్తసరి
బాక్స్ మోడల్ ఏది? వేరే పోస్టు పెట్టండి.